ట్రెంటన్‌లో ఆ ఏడుగురు: న్యూజెర్సీ సుప్రీం కోర్టు తీర్పులు, మన ఇళ్ళు, మన కార్లు, మన టాక్సులు

(ఎడిసన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక లాయర్ ఇచ్చిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో వాళ్ళకి వినపడుతోందా... ఆ, సరే. భోజనాలకి ఇంకా గంట టైముంది, ఆ గంట నాకిచ్చిన కమిటీ వాళ్ళకి థాంక్స్.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి చాలు. వాషింగ్టన్‌లో ఉన్న సుప్రీం కోర్టు జడ్జిల్లో ఒక్కరి పేరైనా ఎంతమందికి తెలుసు? దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు మన న్యూజెర్సీ రాజధాని ట్రెంటన్‌లో ఉన్న రాష్ట్ర సుప్రీం కోర్టులో ఒక్క జడ్జి పేరు ఎంతమందికి తెలుసు? ఇద్దరు. అందుకే నేను ఈ రోజు ఈ టాపిక్ తీసుకున్నా, ఎందుకంటే మీ కారు, మీ ఇల్లు, మీ వాకిట్లో మంచు, మీ ఇంట్లో పార్టీ, మీ జీతం మీద టాక్సు, వీటి మీద ఆఖరి మాట చాలావరకు వాషింగ్టన్‌ది కాదు, ట్రెంటన్‌ది. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియట్లేదని నాకు బాధ.

మనం పెరిగిన చోట కోర్టులంటే ఒకటే నిచ్చెన కదండీ. మా తాతగారికి గుంటూరు దగ్గర పొలం గట్టు తగాదా ఒకటి ఉండేది, మున్సిఫ్ కోర్టులో మొదలై జిల్లా కోర్టుకెళ్ళి, అక్కడి నుంచి హైదరాబాద్ హైకోర్టు దాకా వెళ్ళింది, ఆయనకి ఇంకా ఓపికుంటే ఢిల్లీ సుప్రీం కోర్టు తలుపు కూడా తట్టి ఉండేవాడు, ఎందుకంటే మన రాజ్యాంగంలో ఆ దారి ఉంది, గట్టు కేసైనా సరే ఢిల్లీ వాళ్ళు వింటామంటే వినొచ్చు. ఇక్కడ అలా కాదు. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత కోర్టులు, సొంత సుప్రీం కోర్టు. ఎడిసన్‌లో మీ ఫెన్స్ పక్కింటాయన స్థలంలోకి ఒక అడుగు వెళ్ళిందనుకోండి, ఆ తగాదా న్యూజెర్సీ చట్టం ప్రకారం తేలాల్సిందే, ట్రెంటన్ వాళ్ళు చెప్పాక వాషింగ్టన్‌కి దాన్ని మార్చే అధికారం లేదు. ఫెడరల్ చట్టమో అమెరికా రాజ్యాంగమో అందులో అడ్డం పడితేనే అక్కడికెళ్తుంది.

ఇక్కడో చిన్న మాట, ఎందుకంటే మనలో సగం మంది రోజూ ట్రెయిన్ ఎక్కి మన్‌హాటన్ వెళ్ళొస్తాం. న్యూయార్క్‌లో సుప్రీం కోర్టు అంటే కింది కోర్టు, ట్రయల్ జరిగే చోటు. అక్కడ అన్నిటికన్నా పైది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్, ఆల్బనీలో ఉంటుంది. పేపర్లో న్యూయార్క్ సుప్రీం కోర్టు తీర్పు అని చూసి ఇంక అయిపోయింది అనుకోవద్దు, అది మొదటి మెట్టే.

మన ట్రెంటన్ కోర్టులో ఏడుగురు. ఒక చీఫ్ జస్టిస్, ఆరుగురు అసోసియేట్ జస్టిస్‌లు. చీఫ్ జస్టిస్ స్టువర్ట్ రాబ్నర్ గారు, 2007 నుంచి ఆయనే. గవర్నర్ పేరు పంపిస్తారు, సెనేట్ ఒప్పుకోవాలి, మొదట ఏడేళ్ళు, మళ్ళీ వేస్తే 70 ఏళ్ళ వయసు వచ్చేదాకా. చాలా రాష్ట్రాల్లో జడ్జిలు ఓట్లకి నిలబడతారు, ఇక్కడ అది లేదు, అందుకని జనానికి నచ్చని తీర్పు కూడా ధైర్యంగా ఇవ్వగలిగారని నా నమ్మకం. ఇప్పుడున్న ఈ కోర్టు వ్యవస్థంతా 1947 రాజ్యాంగంతో వచ్చింది, టాక్స్ కోర్టు 1979లో విడిగా పెట్టారు.

సరే, కేసుల్లోకి వెళ్దాం. పార్టీలతో మొదలుపెడతాను, ఎందుకంటే దీపావళి, న్యూ ఇయర్, మూడు నెలల బాబు నామకరణం, అన్నిటికీ మన ఇళ్ళల్లో బేస్‌మెంట్‌లో బార్ తెరుచుకుంటుంది.

1984, కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ అనే కేసు. ఒకాయన స్నేహితుడి ఇంటికెళ్ళాడు, గంటో రెండు గంటలో కూర్చుని స్కాచ్ తాగాడు. ఎన్ని పెగ్గులంటే రెండో మూడో అన్నారు. ఇంటాయన చాలా మర్యాదస్తుడు, వాకిలి దాటి కారు దాకా వచ్చి, నిలబడి కాసేపు కబుర్లు చెప్పి, కారు వెళ్తుంటే చూసి లోపలికెళ్ళాడు. మనం చేసేది అదే కదా, అతిథిని గేటు దాకా సాగనంపకపోతే మర్యాద కాదు మనకి. ఒక పాతిక నిమిషాల తర్వాత క్షేమంగా చేరాడో లేదో అని ఇంటికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది భార్య. దారిలో ఎదురుగా వస్తున్న కారుని గుద్దేశాడని చెప్పింది. ఆ ఎదురు కారులో ఉన్నావిడకి పెద్ద దెబ్బలు తగిలాయి. తర్వాత రక్తం పరీక్ష చేస్తే ఆల్కహాల్ 0.286 శాతం వచ్చింది, అంటే రెండు మూడు పెగ్గులు కాదు, పదమూడు దాకా తాగి ఉండాలని నిపుణుడు చెప్పాడు.

ఆవిడ తాగి నడిపినాయన మీదే కాదు, తాగించిన ఇంటి వాళ్ళ మీద కూడా దావా వేసింది. అప్పటిదాకా బార్ల మీద, లిక్కర్ లైసెన్సు ఉన్నవాళ్ళ మీదే బాధ్యత పెట్టేవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళైన అతిథులకి పోసిన వాళ్ళ మీద కాదు. కింది కోర్టులు కూడా ఇంటాయన్ని వదిలేశాయి. చీఫ్ జస్టిస్ విలెంట్జ్ రాసిన తీర్పు ఏం చెప్పిందంటే, అతిథికి మత్తెక్కిందని తెలిసీ, ఇప్పుడు కారు నడుపుతాడని తెలిసీ పోస్తూ పోతే, వాడు రోడ్డు మీద ఎవరికైనా హాని చేస్తే పోసినవాడు కూడా ఆ బాధితుడికి జవాబు చెప్పాల్సిందే అని. జస్టిస్ గరిబాల్డి గారు ఒప్పుకోలేదు, బార్ వాడికి ఇన్సూరెన్స్ ఉంటుంది, అనుభవం ఉంటుంది, మామూలు ఇంటాయన వచ్చిన వాళ్ళని ఎలా లెక్కబెడతాడు అని ఆవిడ రాశారు, ఆ మాటలో కూడా న్యాయముంది. తర్వాత 1987లో అసెంబ్లీ చట్టం చేసి ఆ బాధ్యతకి హద్దులు పెట్టింది, కానీ పూర్తిగా తీసెయ్యలేదు. పైకి కనపడేంత మత్తులో ఉన్నవాడికి ఇంకో గ్లాసు పోస్తే ఈ రోజుకీ మీ మీదకి కేసు రావచ్చు.

అందుకని అన్నలూ తమ్ముళ్ళూ, మీ ఇంటికొచ్చిన బావగారు "ఏం పర్లేదు రా, నేను నడపగలను" అంటే తాళాలు తీసి దాచండి. ఆయనకి కోపమొస్తే రానివ్వండి, పొద్దున్నే ఇడ్లీ పెట్టి పంపించండి. మీ హోమ్ ఇన్సూరెన్స్‌లో పర్సనల్ లయబిలిటీ ఎంత ఉందో, అంబ్రెల్లా పాలసీ, అంటే ఆ పరిమితి దాటితే పైన ఆదుకునేది, ఉందో లేదో కూడా ఈ వారం చూసుకోండి.

డ్రైవింగ్ దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో కేసు. ఇది నా మనసుకి చాలా దగ్గర. 2007లో ప్లెయిన్‌ఫీల్డ్‌లో, ఇక్కడికి పక్కనే, ఒక యాక్సిడెంట్ జరిగింది, పోలీసాయన ఒక డ్రైవర్ని స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఎంత తాగాడో కొలిచే మిషన్‌లో ఊదమని అడిగే ముందు ఇక్కడ ఒక స్టాండర్డ్ స్టేట్‌మెంట్ చదవాలి, ఊదకపోతే ఏమవుతుందో చెప్పేది, పదకొండు పేరాలు. ఆ పోలీసాయన మొత్తం ఇంగ్లీషులో చదివాడు. ఆ డ్రైవర్‌కి ఇంగ్లీషు రాదు. తల అడ్డంగా ఊపాడు, కంటి వైపు చూపించాడు, స్పానిష్‌లో "నో ఎంతియెందో" అన్నాడు, అంటే నాకు అర్థం కాలేదు అని. దాన్ని ఊదడానికి నిరాకరించినట్టు రాసుకుని కేసు పెట్టారు.

2010లో ట్రెంటన్ కోర్టు చెప్పింది, చట్టంలో ఉన్న మాట "తెలియజెయ్యాలి" అని, అర్థం కాని భాషలో చదివితే తెలియజేసినట్టు ఎలా అవుతుంది అని. నిరాకరణ కేసు కొట్టేశారు. తాగి నడిపిన కేసు మాత్రం ఉంచారు, ఎందుకంటే దానికి పోలీసాయన కళ్ళతో చూసిన సాక్ష్యం ఉంది. చూశారా, మనిషిని వదిలెయ్యలేదు, అన్యాయమైన భాగాన్ని మాత్రం తీసేశారు.

ఇది నాకెందుకు దగ్గరంటే చెప్తాను. నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తల్లో ఒక టౌన్ మునిసిపల్ కోర్టులో, పేరు చెప్పను, నా కేసు పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నా. ముందు వరసలో ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు. చూడగానే మన వాడని తెలిసిపోయింది. కొడుకు దగ్గరికి వచ్చి కారు నడిపాడు, ఏదో చిన్న గుద్దుడు. జడ్జిగారు అడిగారు, మీ హక్కులు అర్థమయ్యాయా అని. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, తల అటూ ఇటూ ఊపి "యెస్ సర్, యెస్ సర్" అన్నాడు. మనకి తెలుసు ఆ "యెస్ సర్" అంటే ఏంటో. అర్థమైంది అని కాదు, తమరు పెద్దవారు, నేను మర్యాదగా ఉన్నాను అని. ఆ జడ్జిగారికి ఆ సంగతి తెలీదు. లాయర్ కావాలా అంటే "నో సర్", గిల్టీనా అంటే "యెస్ సర్". నేను లేచి ఈయనకి ఇంటర్‌ప్రెటర్ కావాలండి అని చెప్పాను, జడ్జిగారు మంచివారు, వెంటనే ఆపి వాయిదా వేశారు. నేను ఆ రోజు అక్కడ లేకపోతే?

కాబట్టి గుర్తుపెట్టుకోండి, న్యూజెర్సీ కోర్టుల్లో ఇంటర్‌ప్రెటర్ ఫ్రీ, తెలుగుకి కూడా అడగొచ్చు, మీరు పైసా కట్టక్కర్లేదు. ముందే కోర్టు ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి. మీ అబ్బాయినో కోడల్నో నిలబెట్టి చెప్పించొద్దు, వాళ్ళు ప్రేమతో సగం మింగేసి చెప్తారు.

ఊదే మిషన్ అన్నాం కదా, 2018లో ఇంకోటి వచ్చింది. ఆ మిషన్ల కొలత సరిచూసే పనిలో ఒక థర్మామీటర్‌తో చెయ్యాల్సిన స్టెప్ ఉంది, ఆ పని చూసే ఒక ఉద్యోగి ఆ స్టెప్ చెయ్యలేదని బయటపడింది. ఐదు కౌంటీలు, మిడిల్‌సెక్స్, మన్మత్, ఓషన్, సోమర్‌సెట్, యూనియన్, అంటే మనవాళ్ళు ఎక్కువగా ఉండేవే, మొత్తం 20,667 పరీక్షల మీద ప్రభావం. ఆ రీడింగులు సాక్ష్యంగా పనికిరావని కోర్టు తేల్చేసింది. ఇంజినీర్లకి చెప్తున్నా, కాలిబ్రేషన్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. రాష్ట్ర కోర్టు వాషింగ్టన్ కన్నా ఎక్కువ హక్కులివ్వగలదు. తక్కువ ఇవ్వడానికి వీల్లేదు, ఎక్కువ ఇవ్వొచ్చు. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికా రాజ్యాంగం ఇచ్చేది పునాది, దాని మీద రాష్ట్రం ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ఈ మాట గట్టిగా చెప్పినాయన జస్టిస్ విలియం బ్రెన్నన్, ఆయన మన న్యూజెర్సీ సుప్రీం కోర్టులోనే జడ్జిగా చేసి 1956లో వాషింగ్టన్ వెళ్ళాడు, 1977లో ఒక పెద్ద వ్యాసం రాశాడు, రాష్ట్ర కోర్టులూ మీ సొంత రాజ్యాంగాల్ని తెరిచి చూడండి అని.

ట్రెంటన్ వాళ్ళు తెరిచి చూశారు. 1988లో వాషింగ్టన్ కోర్టు చెప్పింది, మీరు ఇంటి బయట పెట్టిన చెత్త సంచీని పోలీసులు వారెంట్ లేకుండా వెతకొచ్చు అని. 1990లో ట్రెంటన్ అంది, మా దగ్గర కుదరదు, చెత్తలో మనిషి జీవితమంతా ఉంటుంది, ఉత్తరాలు, మందుల కవర్లు, బిల్లులు, దానికి వారెంట్ తేవాల్సిందే అని. బ్యాంకు రికార్డులు కూడా అంతే, అక్కడ నీ గోప్యత లేదన్నారు, ఇక్కడ 2005లో ఉందన్నారు. సెల్‌ఫోన్ ఎక్కడుందో కంపెనీ దగ్గర తెలుసుకోవాలంటే వారెంట్ కావాలని ఇక్కడ 2013లో చెప్పారు, వాషింగ్టన్ వాళ్ళు పాత లొకేషన్ రికార్డుల గురించి అలాంటి మాట అనడానికి 2018 దాకా పట్టింది. ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో అన్న సమాచారానికి కూడా 2008లోనే రక్షణ ఇచ్చారు.

రోజూ పనికొచ్చేది ఒకటి చెప్తా. టర్న్‌పైక్ మీద పోలీసు ఆపాడు, లైసెన్స్ చూశాడు, టికెట్ రాశాడు, రాసి "కారు కొంచెం చూడొచ్చా" అన్నాడు. మనం భయంతో, మర్యాదతో "చూసుకోండి సార్" అంటాం. 1975లో ట్రెంటన్ కోర్టు చెప్పింది, నువ్వు కాదనొచ్చు అని ఆ మనిషికి తెలిసుంటేనే ఆ ఒప్పుకోలు చెల్లుతుంది అని. 2002లో ఇంకో అడుగు వేసి, ట్రాఫిక్ స్టాప్‌లో అలా అడగడానికి కూడా పోలీసు దగ్గర తగిన అనుమానం ఉండాలి, ఊరికే అడగడానికి లేదు అంది. మర్యాదగానే, గొంతు పెంచకుండా, "నో సర్, నేను ఒప్పుకోవట్లేదు" అనండి. వాదించొద్దు, చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ఒక్క వాక్యం చెప్పి ఊరుకోండి, మిగతాది కోర్టులో లాయర్ చూసుకుంటాడు.

ఇంకొకటి, వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ వాళ్ళు, దయచేసి వినండి. చిన్న కేసులో, షాపులో ఏదో తీశారనో ఇంట్లో గొడవలో 911 కి ఫోన్ వెళ్ళిందనో, లాయర్ "గిల్టీ అని ఒప్పేసుకోండి, ఫైన్‌తో పోతుంది, ఇమిగ్రేషన్‌కి ఏం కాదు" అంటాడు. 2009లో మన సుప్రీం కోర్టు దాకా అలాంటి కేసే వచ్చింది, లాయర్ ఏం కాదన్నాడు, ఆయన ఒప్పేసుకున్నాడు, తీరా చూస్తే దేశం వదిలి పొమ్మనే నేరమది. కోర్టు ఆ లాయర్ సలహా తప్పు, ఆ ప్లీ, అంటే ఆ ఒప్పుకోలు, వెనక్కి తీసుకోవచ్చు అంది. మరుసటి ఏడాది వాషింగ్టన్ కోర్టు కూడా ఇమిగ్రేషన్ సంగతి చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని తేల్చింది. కానీ 2012లో ట్రెంటన్ వాళ్ళే, ఆ వాషింగ్టన్ రూలు పాత కేసులకి వెనక్కి వర్తించదు అన్నారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఎన్ని కుటుంబాలు ఆ తేదీకి అటు పక్కన ఉండిపోయాయో. ఇప్పుడు ప్లీ ఫారంలో 17వ ప్రశ్న మీ సిటిజన్‌షిప్ గురించే అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర ఆగండి. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా టిక్ పెట్టొద్దు.

ఒక అక్కయ్యగారు చెయ్యెత్తారు, చెప్పండమ్మా... మా టౌన్‌హౌస్ ముందు మంచు మీద పోస్ట్‌మాన్ జారితే ఎవరి బాధ్యత అంటున్నారు. మంచి ప్రశ్న, ఈ ఒక్క దాని మీదే ట్రెంటన్ వాళ్ళు నలభై ఏళ్ళుగా రాస్తున్నారు. చూడండి, 1981లో వ్యాపార స్థలాల వాళ్ళకి ముందున్న కాలిబాట బాగుచెయ్యాల్సిన బాధ్యత పెట్టారు, 1983లో మంచు, ఐసు కూడా అందులో కలిపారు. అంటే మీకు కిరాణా షాపో రెస్టారెంటో ఉంటే ముందున్న కాలిబాట మీదే. సొంతంగా ఉండే ఇళ్ళ వాళ్ళకి పబ్లిక్ కాలిబాట మీద ఆ బాధ్యత లేదు, 2011లో హోబోకెన్ కేసులో కాండో బిల్డింగు కూడా ఇల్లే అన్నారు. కానీ 2015లో మన ప్లెయిన్స్‌బరోలో, ఇళ్ళ ఓనర్ల అసోసియేషన్ ఉన్న కమ్యూనిటీలో ఒకరు ఐస్ మీద జారి పడ్డారు, అక్కడ కాలిబాట ఊరిది కాదు, అసోసియేషన్‌ది, దాన్ని శుభ్రం చెయ్యడానికి మీ దగ్గర నెలనెలా డబ్బు తీసుకుంటున్నారు, కాబట్టి బాధ్యత అసోసియేషన్‌దే అంది కోర్టు. 2021లో ఇంకోటి చెప్పారు, తుఫాను పడుతూ ఉండగానే పార తీసుకుని బయటికి రావక్కర్లేదు, ఆగాక తగినంత టైములో తియ్యాలి అని, అది వ్యాపార స్థలాల గురించి. 2024లో, ఖాళీగా పడున్న కమర్షియల్ స్థలం ఓనర్లకి కూడా కాలిబాట బాధ్యత పెట్టారు, మనవాళ్ళు చాలామంది రూట్ 27 పక్కన స్థలాలు కొని వదిలేశారు కదా, చూసుకోండి. అక్కయ్యగారూ, మీరు చెయ్యాల్సింది ఏంటంటే మీ అసోసియేషన్ కాగితాలు తీసి ఆ కాలిబాట ఎవరి పేరు మీద ఉందో చూడటం, కోర్టు కూడా ముందు అదే చూస్తుంది.

సంతకాల గురించి గబగబా. 1960లో హెన్నింగ్‌సన్ కేసు, లా స్కూళ్ళల్లో ఇప్పటికీ చదివిస్తారు. ఒక భర్త మదర్స్ డేకి భార్యకి ప్లిమత్ కారు కొన్నాడు. పది రోజులకి, 468 మైళ్ళు తిరిగిందంతే, స్టీరింగ్ దగ్గర ఏదో పగిలిన శబ్దం, చక్రం చేతిలో తిరిగిపోయి కారు గోడకి కొట్టుకుంది. కంపెనీ వాళ్ళు ఆర్డర్ కాగితం వెనక సన్న అక్షరాల్లో ఉన్నది చూపించారు, పార్ట్ మారుస్తాం తప్ప ఇంకేమీ మా పూచీ కాదు అని. కోర్టు అంది, కార్ల కంపెనీలన్నీ అదే కాగితం ఇస్తుంటే కొనేవాడికి వేరే దారేది, అలాంటి షరతు చెల్లదు, కొన్న భర్తకే కాదు నడిపిన భార్యకి కూడా కంపెనీ జవాబు చెప్పాలి అని. అదే ధోరణిలో 2014లో, 23 పేజీల కాంట్రాక్టులో తొమ్మిదో పేజీలో పెట్టిన ఆర్బిట్రేషన్ షరతుని, అంటే తగాదా వస్తే కోర్టులో కాదు, మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతుని, కొట్టేశారు, నువ్వు కోర్టుకెళ్ళే హక్కు వదులుకుంటున్నావు అని మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయలేదు కాబట్టి.

ఇంక టాక్సులు. ఇక్కడ అందరూ సర్దుకుని కూర్చుంటున్నారు.

ముందు న్యూయార్క్ సంగతి, ఎందుకంటే ఇంట్లో కూర్చుని మన్‌హాటన్ కంపెనీకి పనిచేసేవాళ్ళు ఈ హాల్లో కనీసం ముప్పై మంది ఉంటారు. 2005లో, ఆల్బనీలో ఇందాక చెప్పిన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌లో, మనలాంటి వాడిదే ఒక కేసు, కంప్యూటర్ ప్రోగ్రామర్. ఇల్లు టెనెస్సీలో నాష్‌విల్, ఆఫీసు క్వీన్స్‌లో. ఏడాదిలో నాలుగో వంతు రోజులే న్యూయార్క్ వచ్చి పనిచేశాడు, మిగతాదంతా ఇంటి నుంచే. అందుకని జీతంలో నాలుగో వంతుకే న్యూయార్క్ టాక్స్ కట్టాడు. న్యూయార్క్ వాళ్ళు కాదన్నారు, నువ్వు ఇంట్లో పనిచేసింది నీ సౌకర్యం కోసం, కంపెనీ అవసరం కోసం కాదు, కాబట్టి జీతం మొత్తం మీదా కట్టు అని. కోర్టు నలుగురు ఇటు, ముగ్గురు అటు, ఒక్క ఓటుతో న్యూయార్క్ గెలిచింది. అతను వాషింగ్టన్ తలుపు తడితే వాళ్ళు వినలేదు. మీరు ఇంట్లో కూర్చుని కట్టే న్యూయార్క్ టాక్స్ వెనక ఉన్నది ఆ ఒక్క ఓటు. న్యూజెర్సీ మనకి ఆ కట్టినదానికి క్రెడిట్ ఇస్తుంది, ఇక్కడి టాక్సులోంచి తగ్గిస్తుంది, అంటే ఇక్కడి స్కూళ్ళకి రోడ్లకి రావాల్సిన డబ్బు నది దాటి పోతోంది. 2023లో న్యూజెర్సీ కూడా, అలాంటి రూలున్న రాష్ట్రాల వాళ్ళ మీద అదే రూలు పెట్టింది. నా మటుకు నాకు ఆ ముగ్గురు జడ్జిలు చెప్పిందే సబబు అనిపిస్తుంది, పని ఎక్కడ చేశాడో అక్కడే కదా టాక్సు.

చిన్న కంపెనీలు పెట్టుకున్న తమ్ముళ్ళకి రెండు ముక్కలు. 2006లో లాంకో అనే కేసు, ఆ కంపెనీ డెలావేర్‌ది, న్యూజెర్సీలో ఒక్క ఉద్యోగి లేడు, ఒక్క కుర్చీ లేదు, ఉన్నదల్లా ఒక బట్టల షాపుల బ్రాండ్ పేరు మీద హక్కు. ఆ షాపులు ఇక్కడున్నాయి, వాటి నుంచి రాయల్టీ వెళ్తోంది. ట్రెంటన్ కోర్టు, మనిషి ఇక్కడ లేకపోయినా సంపాదన ఇక్కడిదే, టాక్స్ కట్టు అంది. దానికి అటు వైపుది 2012లో, సుప్రీం కోర్టు కాదు, దాని కింద అప్పిలేట్ డివిజన్‌లో తేలింది, మేరీల్యాండ్ కంపెనీకి న్యూజెర్సీలో ఒకే ఒక్క ఉద్యోగి, ఇంట్లోంచి కోడ్ రాసి సర్వర్‌కి ఎక్కిస్తుంది, ఆ ఒక్కరి వల్ల కంపెనీ మొత్తం ఇక్కడ బిజినెస్ చేస్తున్నట్టే అన్నారు. మీ కంపెనీ టెక్సస్‌లో ఉండి, ఇక్కడ ఒక డెవలపర్‌ని ఇంటి నుంచి పనిచేయిస్తుంటే మీ టాక్సులు చూసే సీపీఏని ఇప్పుడే అడగండి.

చివరగా ప్రాపర్టీ టాక్స్, అందరి కడుపుమంటా అదే. చలికాలంలో టౌన్ నుంచి ఒక పోస్ట్‌కార్డ్ వస్తుంది, మీ ఇంటి విలువ ఇంత కట్టాం అని. చెత్త ఉత్తరాలతో కలిపి పారేస్తారు చాలామంది. చాలా కౌంటీల్లో ఏప్రిల్ 1 లోపు కౌంటీ టాక్స్ బోర్డులో అప్పీలు పెట్టాలి, విలువ పది లక్షల డాలర్లు దాటితే నేరుగా టాక్స్ కోర్టుకే వెళ్ళొచ్చు. 1985లో ట్రెంటన్ కోర్టు ఇందులో రెండు మాటలు చెప్పింది. ఒకటి, టౌన్ వేసిన విలువ సరైనదే అని కోర్టు అనుకుని మొదలుపెడుతుంది, కాదని గట్టి సాక్ష్యంతో చూపించాల్సింది మీరే. "పక్కింటాయన నాకన్నా తక్కువ కడుతున్నాడు" అంటే చాలదు, మీ ఇంటిలాంటివి ఈ మధ్య ఎంతకి అమ్ముడయ్యాయో చూపించాలి. రెండోది నాకు చాలా ఇష్టం. ఒక బరో, అంటే ఒక చిన్న టౌన్, ఆస్తి విలువ పెంచాలని తనే అప్పీలు వేసింది, గడువు దాటాక. మేము ప్రభుత్వం కదా, కొంచెం చూడండి అంది. కోర్టు ఒప్పుకోలేదు, గడువు పౌరుడికి ఎంతో ప్రభుత్వానికీ అంతే, జనంతో వ్యవహరించేటప్పుడు ప్రభుత్వం అడ్డదారులు తొక్కకుండా నడవాలి అని చెప్పి ఆ అప్పీలు కొట్టేసింది. మా తాతగారు ఉండుంటే ఈ తీర్పు చదివి వినిపించేవాణ్ణి, ఆయన కేసులో సర్కారు వాళ్ళు తెచ్చుకున్న వాయిదాలు నాకింకా గుర్తు.

ఈ తీర్పులన్నీ కోర్టు వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటాయి, ప్రతిదాని ముందూ రెండు మూడు పేజీల సారాంశం ఉంటుంది, చదివితే కథలా ఉంటుంది, ఎవరు, ఏ రోజు, ఏ రోడ్డు మీద అని. వాదనలు కూడా లైవ్‌లో చూడొచ్చు. తొమ్మిదో క్లాసు దాటిన పిల్లలుంటే ఒక రోజు ట్రెంటన్ తీసుకెళ్ళండి, ఎవరైనా వెళ్ళి వెనక బెంచీల్లో కూర్చోవచ్చు, టికెట్టేం లేదు.

భోజనాలు పెట్టేశారంటున్నారు. పోస్ట్‌కార్డ్ తెచ్చుకున్నవాళ్ళు, ఇందాక ముగ్గురు నలుగురు ఫోన్లో ఫోటో చూపించారు కదా, ప్లేట్లు తీసుకుని ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి, తింటూ చూద్దాం. కార్డు మీద లాట్ నంబర్, కింద వేసిన విలువ, ఈ రెండూ కనపడేలా ఫోటో పెద్దది చేసి ఉంచండి.